చెక్కలు వదిలేసిన పెళ్ళికొడుకు

నగరిలో నందినిని చూడటానికి ఏ పెళ్ళికొడుకు వచ్చినా, ముందు ఆమే ఒక ప్రశ్న అడిగేది. "నీకు బాగా ఇష్టమైన పని ఏంది?" ముగ్గురు వచ్చి ముగ్గురూ ఒకటే పాట పాడారు, "నీకేది ఇష్టమో నాకూ అదే" అని. ముగ్గురికీ కాఫీ ఇచ్చి సాగనంపింది. మరేం చేస్తుంది? పంతొమ్మిదేళ్ళప్పుడు ఎవరిదో షెడ్డులో తెగిన పోగులు ముడేసిన పిల్ల, ఇరవై ఏడేళ్ళకు సొంతంగా నాలుగు మరమగ్గాలు నడుపుతోంది. ఏ చీరకు ఏ రంగు అంచో తనే తేలుస్తుంది. తనకేం కావాలో తనకు తెలుసు. తనకేం కావాలో తెలియని మొగుణ్ణి నెత్తిన పెట్టుకుని ఏం చేసుకుంటుంది?

నాలుగోవాడు ధర్మేంద్ర. పుత్తూరు దగ్గర మామిడితోట. "చెక్కభజన" అన్నాడు ఠక్కున. "చేతుల్లో చెక్కలు పడితే నాకు అన్నం గూడా గుర్తుకు రాదు." అతని గుంపు జాతరలో చెక్కలు వాయిస్తూ ఆడుతుంటే నందిని వెళ్ళి చూసింది. చెమటలు కారుతున్న ఆ ముఖంలోని వెలుగు చూసి మనసు పారేసుకుంది. నాయన సుబ్రమణ్యంతో సరే అనేసింది.

తాంబూలాల రోజు హాలు నిండా జనం. సుబ్రమణ్యం తాంబూలం పళ్ళెం తీసుకుని పెళ్ళికొడుకు తల్లి చెంగమ్మకు ఇవ్వబోతుంటే ధర్మేంద్ర లేచాడు.

"అందురూ ఇనండి. నందిని కోసరం చెక్కభజన మానేసినా. నా చెక్కలు మా గుంపులో ఢిల్లీబాబుకు ఇచ్చేసినా."

జనం చప్పట్లు కొట్టారు. సుబ్రమణ్యం కళ్ళు తుడుచుకున్నాడు. నందినికి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"నాయనా, పళ్ళెం ఇయ్యొద్దు. ఆపు!"

ధర్మేంద్ర ముఖం పాలిపోయింది. "నీ కోసరమే కదా మానేసినా!"

"నేను అడిగినానా? నేను నిన్ను చేసుకుంటా ఉండేది నా సంతోసం కోసరం. ఆ సంతోసాన్నే తీసకపోయి ఇంకొకరికి ఇచ్చేస్తివే! రేపు మనకు తగువొస్తే నీ వల్లే మానేస్తినంటావు. ఆమీట, నేను చెక్కలు మానేస్తి గదా, నువ్వు మగ్గాలు మానలేవా అంటావు. నిజం చెప్పు, మానాలని నీకు ఉండాదా?"

"లేదు. వారం దినాలుగా నిద్ర పట్టలా."

తిక్కపిల్ల అని ఎవరో గొణిగారు. చేజేతులా పోగొట్టుకుంటున్నానేమోనని నందినికి భయమేసింది. అతనంటే ప్రాణమే. కానీ ఇద్దరిలో ఏ ఒక్కరు తగ్గిపోయినా ఆ కాపురం ఆమెకు అక్కర్లేదు.

సాయంత్రం తిరుచానూరులో ఆడాలని గుంపంతా సంచులతోనే వచ్చి ఉంది. ఢిల్లీబాబు లేచి, సంచిలోంచి చెక్కలు తీసి ధర్మేంద్ర చేతుల్లో పెట్టాడు. "పట్టుకోప్పా! ఇవి నా మాట ఇనేట్టు లేవు."

ధర్మేంద్ర మొదట భయంభయంగా కొట్టాడు. అంతలో గుంపు వచ్చి కలిసింది. కుర్చీలు పక్కకు జరిగాయి. పంచె ఎగ్గట్టి, హాలు అదిరేలా ఎగిరాడు! ముసలమ్మలు కూడా తాళం వేశారు. నందినికి నవ్వు ఆగలేదు, కన్నీళ్ళూ ఆగలేదు. అంతసేపట్లో అతను ఒక్కసారి కూడా ఆమె వైపు చూడలేదు.

అది చూసి నందిని, నాయన చేతిలోని పళ్ళెం లాక్కుని చెంగమ్మ చేతుల్లో పెట్టింది.

"ఇప్పుడు తీసుకో అత్తా."