గున్నయ్యకు సమాధి లేదు

మంగకు ఈస్టరు అంటే భయం. ఈ మాట వింటే చర్చిలో నవ్విపోతారని ఎవరికీ చెప్పుకోలేదు. కాశీబుగ్గలో జీడిపప్పు పొట్టు తీసేచోట పక్కనే కూర్చునే వనజకూ చెప్పలేదు. వనజ చెవిన వేస్తే ఇక ఊళ్ళో టముకు వేయించక్కర్లేదు.

ఆమె పెనిమిటి గున్నయ్య ఉద్దానంలో కొబ్బరి రైతు. కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ మంచం ఎక్కే రోజుల్లో, పక్క మంచం మనిషి చేసే ప్రార్థన వినీ వినీ చివరకు తనూ బాప్తిస్మం తీసుకున్నాడు. మంగ అతని వెంటే నడిచింది. తమ్ముడు ఢిల్లీబాబు మాత్రం అన్నతో మాటలు తగ్గించేశాడు.

పోయే ముందు రోజు గున్నయ్య మంగ చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను కాల్చనీకే. మట్టిలో ఎట్టించు. ఇత్తైనా మట్టిలో ఎడితేనే కదా లేత్తాది," అన్నాడు. మంగ ఒట్టేసింది.

తెల్లారేసరికి ప్రాణం పోయింది. ఇంటినిండా అత్తింటి చుట్టాలు. ఊరి పెద్ద నారాయణరావు, "ఎలా సాగనంపాలో గున్నయ్య ఏటైనా సెప్పినాడేటమ్మా?" అని మర్యాదగానే అడిగాడు. పక్కన ఢిల్లీబాబు తల వంచుకుని నిలబడ్డాడు. నిజం చెబితే వీళ్ళలో ఒక్కరైనా శవం మోస్తారా, రేపటినుంచి తన గడప తొక్కుతారా అనుకుంది మంగ.

"ఏటీ సెప్పనేదు," అంది. అంతే. గున్నయ్యను కాల్చేశారు. బూడిద మూలపేట దగ్గర సముద్రంలో కలిపారు.

అప్పటినుంచి మూడు ఈస్టర్లు వెళ్ళాయి. ఆ పొద్దున విశ్వాసులంతా సున్నం వేసిన తమవాళ్ళ సమాధులమీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడతారు. మంగ ఎవరి సమాధి దగ్గర నిలబడాలి? కాలిన ఒళ్ళు తిరిగి లేవదని ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనే తేల్చేసుకుంది. జీడిపిక్కల మధ్య బతికిన మనిషి కదా, వేయించిన పిక్క ఎక్కడైనా మొలుస్తుందా అనుకుంది. మొగుణ్ణి రెండోసారి తనే చంపానని కుమిలిపోయింది.

ఈ ఏడు పట్టలేక పాస్టరు గారినే అడిగేసింది. "అయ్యా, కాలిపోయినోల్లు లేత్తారేటి?"

ఆయన నవ్వలేదు. "డొంకూరు జాలరోల్లు సేపలేటకెల్లి సముద్రంలో పోతే ఆల్లకి సమాధులెక్కడున్నాయమ్మా? ఆల్లని లేపే దేవుడు మీ గున్నయ్యని లేపలేడా? నువ్వు పిక్కని సూత్తన్నావు. మొలిపించీవోడిని సూడు."

మంగ కళ్ళు తుడుచుకుని తేలికగా ఇంటిదారి పట్టింది. సగం దారిలో కాళ్ళు ఆగిపోయాయి. గున్నయ్య లేస్తాడు, సరే. లేచినవాడు ఊరుకుంటాడా? "ఏమే, నాను సెప్పనేదా?" అని అడగడూ? అసలు ఇన్నాళ్ళూ అతను లేవకపోతేనే మేలని లోలోపల తనే అనుకుందేమో. ఆ ఆలోచన తగిలేసరికి సిగ్గుతో చచ్చిపోయింది.

అటునుంచి అటే మరిది తోటకు నడిచింది. ఢిల్లీబాబు కొబ్బరిమొక్కకు పాదు తవ్వుతున్నాడు. మంగ నిలబడే చెప్పేసింది.

"బాబూ, మీయన్న మట్టిలో ఎట్టమన్నాడు. ఆ పొద్దు నాను అబద్దమాడినాను. తిడతావో కొడతావో నీ ఇష్టం."

ఢిల్లీబాబు పార వదిలేశాడు.

"నాకూ సెప్పినాడు వదినా," అన్నాడు. "ఆకరిసారి ఆసుపత్రికెల్లినప్పుడు సెప్పినాడు. ఆ పొద్దు నువ్వు నిజం సెప్పేత్తావేమోనని బిక్కుబిక్కుమని నిలబడ్డాను. నువ్వు సెప్పనేదు. అమ్మయ్య అనుకున్నాను. మా అన్న శవం ముందర నిలబడి అమ్మయ్య అనుకున్నాను వదినా!"

యాభై దాటిన మనిషి ఆ మట్టిలోనే కూలబడి ఏడ్చాడు. మంగ పక్కన చతికిలబడింది. ఒకరినొకరు తిట్టుకునే అర్హత ఇద్దరికీ లేదు.

"నిజింగా లేత్తాడంటావా?" చర్చి గడప ఏనాడూ తొక్కని ఢిల్లీబాబు అడిగాడు. "లేత్తే కాళ్ళట్టుకుంటాను వదినా."

"లేత్తాడు," అంది మంగ. ఆ మాట అంటుంటే మొదటిసారి ఆమెకు, మొగుడు ఎదురుగా వచ్చి నిలదీస్తే బాగుణ్ణనిపించింది.