క్లబ్బులో విన్న డొల్ల చప్పుడు

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు మొదటి నుంచీ చిరాకు. మాది చర్చికి పోయే ఇల్లు. అలాంటి మాటలెత్తితే అవ్వ, అంటే మా అమ్మ, ఊరుకోదు. నా భయమల్లా ఒక్కటే, బొగ్గుబాయి. మా బాపు మందమర్రిలో భూగర్భ గని కార్మికుడు. ఆయన ఫస్ట్ షిఫ్టుకు దిగిన దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు.

ఆ భయం నా చేతికి కూడా పాకింది. నేను కాలనీ క్లబ్బులో పూల్ ఆడతాను, బల్ల మీద బంతులను కర్రతో పొడిచే ఆట. పోటీలకు జట్టులో తీసుకున్నారు కూడా. కానీ బాపు కింద ఉన్న వేళ ఆడితే క్యూ కర్ర చివరి క్షణంలో కాస్త పక్కకు తిరిగేది. ఆట నేర్పిన అన్న ఒకాయన దానికో సాధన చెప్పాడు. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాను బల్ల మీద పడుకోబెట్టి, దాని మూతిలోకి కర్రను పోనిచ్చి వెనక్కి తీయాలి. గాజు మోగిందంటే చెయ్యి వంకరపోయినట్టే.

"కండ్లు గాదు చెల్లే, చెవులు పెట్టు" అనేవాడు.

అప్పటికి పక్క బాయిలో కప్పు కూలి ఒకాయన పోయి ఎన్నో రోజులు కాలేదు. మా బాపుకు మాత్రం ధీమా. గనిలో ఎక్కడ కూర్చోవాలన్నా ముందు కడ్డీతో పైకప్పును కొట్టి వింటారు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా పలికితే అక్కడి నుంచి తప్పుకోవాల్సిందే. ఇంట్లోనూ ఆయనకు అదే అలవాటు. కొత్త మంచం కొన్నా వేలితో కొట్టి చూడందే కూర్చోడు. అవ్వ పడీ పడీ నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు.

ఆ రోజు పొద్దున క్లబ్బులో ఎవరూ లేరు. సీసా పెట్టుకుని కర్రను ముందుకూ వెనక్కూ మెల్లగా ఆడిస్తున్నాను. గాజు మోగడం లేదు. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడే ఒక చప్పుడు వినిపించింది. టింగుమనే గాజు చప్పుడు కాదు. డొబ్బుమని, లోపల ఏమీ లేనిదాన్ని కొట్టినట్టు.

సీసా పక్కకు తీశాను. బల్లను పిడికిలితో కొట్టాను, గట్టిగానే పలికింది. కిందకు వంగి చూశాను, ఏమీ లేదు. నా పిచ్చి గాకపోతే అనుకుని మళ్లీ కర్ర పట్టాను. మళ్లీ డొబ్బుమంది, ఈసారి సరిగ్గా నా నెత్తి మీద. పైకి చూస్తే ఫ్యాను, సున్నం వేసిన కప్పు, అంతే. ఎందుకు అరిచానో నాకే తెలియదు.

"బాపూ, లెవ్వు! ఇవుతలికి రా!"

ఖాళీ క్లబ్బులో నా గొంతు నాకే వినబడి సిగ్గేసింది. సీసా అక్కడే వదిలేసి ఇంటికి పోయాను. ఎవరికీ చెప్పలేదు.

బాపు ఆ రోజు ఆలస్యంగా వచ్చాడు. చేతిలో టిఫిన్ డబ్బా లేదు. అవ్వ ఇచ్చిన నీళ్లు కూడా తాగకుండా నా పక్కన కూర్చున్నాడు.

"పొద్దుగాల నన్ను పిలిచినవా బిడ్డా?" అని అడిగాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"కప్పు కొట్టి సూసిన, గట్టిగనే పలికింది. గప్పుడే డబ్బా ఇప్పిన. లెవ్వు, ఇవుతలికి రా అని నువ్వు మొత్తుకుంటున్నవ్. గీ పోరి బాయిలకెట్ల దిగింది అని తిట్టుకుంట లేసొచ్చిన. ఎన్కనే కూలింది."

డబ్బా ఆ బండల కిందే ఉండిపోయింది. అవ్వ ఏడుస్తూ ప్రార్థనకు కూర్చుంది. నేను బాపు చెయ్యి వదల్లేదు.

తర్వాత సంగతి చెబితే, నేలలోంచి అదురు వచ్చి ఉంటుందని క్లబ్బులో వాళ్లన్నారు. బాపు దిగే బాయి మా కాలనీకి దగ్గర్లో కూడా లేదు. పోనీ చప్పుడుకు ఏదో కారణం ఉందనుకుందాం, నా గొంతు అంత లోతుకు ఎలా పోయింది? ఆయనకు గట్టిగా వినిపించింది నాకు డొల్లగా ఎందుకు వినిపించింది?

బాపు ఇప్పుడు రిటైరయ్యాడు. నా ఆట చూడటానికి క్లబ్బుకు వస్తాడు. కూర్చునే ముందు బెంచీని వేలితో కొట్టి, "గట్టిగనే ఉన్నది" అంటాడు.

"ఇంకోసారి కొట్టు బాపూ" అంటాను నేను.

ఆయన నవ్వడు. మళ్లీ కొట్టి, నేను తలూపేదాకా నిలబడే ఉంటాడు.