మగ్గం గుంత సాఫుగ ఉన్న పొద్దు

మాది గుంత మగ్గం. చేతులు పైన చీర మీద ఉంటయి, కాళ్లు కింద గుంతల ఉంటయి, నడుమ కడుపుకు ఏ పనీ ఉండదు. పోయిన ఎండకాలం నుంచి ఆ గుంతల నా కాళ్లకు తోడుగ ఒక కుందేలు చేరింది. నేను దింపలేదు. చల్లగ ఉంటదని అదే దిగింది. గద్వాల ఎండకు మనమే నీడ దేవులాడుకుంటం, అది పుట్టుడే ఉన్ని కోటు తొడుక్కొని పుట్టింది.

కుందేలు మా బిడ్డది. ఆమె దానికొక పేరు పెట్టింది. ఆ పేరుతోని పిలిస్తే అది ఒక్కనాడు గూడ వచ్చింది లేదు, కాబట్టి ఇక్కడ రాస్తలేను. తొమ్మిదో తరగతికి బిడ్డకు వనపర్తి దిక్కు గురుకులంల సీటొచ్చింది. పోయే పొద్దు కుందేలును నా ఒడిల పెట్టి, "నాయినా, అందరితోని చేసినట్టు దీంతోని ఎగతాళి చెయ్యకు. దీనికి పానం బాగలేకుంటే చెప్పదు, దాచుకుంటది. నువ్వే చూస్తుండాలె" అన్నది. ఏమేం పెట్టాలెనో కాగితం మీద రాసి, మగ్గం గుంజకున్న ఇనుప మొలకు గుచ్చి పోయింది.

నేను ఏడో తరగతిల బడి ఇడిసినోన్ని. నోటుబుక్కు కాగితం కనబడితే ఇప్పటికీ ఎవరో నిలబెట్టి అడుగుతరేమో అనిపిస్తది. ఒకసారి చదివిన, తల ఊపిన. పది దినాలకు కొత్త చీర అంచు బొమ్మ గీసిన కాగితం వస్తే, దాన్ని అదే మొలకు తగిలిచ్చిన. బిడ్డ కాగితం దాని ఎనక పడిపోయింది.

నాకు కుందేలుతోని ఉన్న తగాదా ఒక్కటే, పెంటికలు. బఠాణీ గింజలంత ఉంటయి, గుండ్రంగ, ఎండినవి. వాసన రాదు, నిజం చెప్పాలె. కానీ నేను తొక్కే కట్టెకు, నా అరికాలికి నడుమ చేరుతయి. పొద్దుగాల ఊడ్చి దిగుత, పగటీలికి మళ్ల అంతే. "ఇది తినేది పిడికెడు, పెట్టేది గంపెడు" అని దినాం మొత్తుకునేటోన్ని. మా ఇంటామె లోపలి నుంచి, "నువ్వు మాట్లాడేది అంతకంటె ఎక్కువనే ఉంటది" అనేది.

ఆ బేస్తవారం పొద్దుగాల చీపురు పట్టుకొని దిగిన. గుంత సాఫుగ ఉంది. ఒక్క పెంటిక లేదు. మూలకు చూసిన, కట్టెల కింద చూసిన. లేదు. నాకు ఎంత ఖుషీ అయ్యిందంటే, ఇంటామెను పిలిచి చూపెట్టిన.

"చూడు. నీ బిడ్డ కుందేలుకు బుద్ధి నేర్పిన."

"నీకు ఎవరు నేర్పాలె మరి?"

పక్కింటి మగ్గం ఆయనకు గూడ చెప్పిన. గురుకులంల సీటు అడుగుతనని, దీన్ని నేరుగ పదోతరగతిల కూసోబెడుతనని. ఇద్దరం నవ్వుకున్నం. ఇప్పుడు తలుచుకుంటె ఆ నవ్వు నా నోట్లె చేదుగ ఉంటది.

పగటీలి దాక నేసిన. అన్నానికి లేద్దమని మగ్గం ఆపినప్పుడు కింద ఒక చప్పుడు ఇనబడ్డది. సన్నగ, పండ్లు నూరినట్టు. మగ్గం నడుస్తుంటె నాకేం ఇనబడుతది? ఎప్పటి నుంచి నూరుతున్నదో తెల్వదు. వంగి చూస్తె కుందేలు మూలకు ముద్ద లెక్క ముడుచుకొని ఉన్నది. కండ్లు సగం మూసింది. పక్కన ఇంటామె నిన్న పెట్టిన జొన్నరొట్టె ముక్క పెట్టినట్టే ఉంది, చీమలు పట్టినయి. చెయ్యి ఏస్తె కడుపు గట్టిగ తగిలింది.

గుంత ఎందుకు సాఫుగ ఉన్నదో అప్పుడు సమజయ్యింది. ఎల్లుండి శనివారం నుంచి బిడ్డకు రెండు దినాల సెలవు. బస్సు దిగంగనే చెప్పులు గూడ ఇడువకుండ వచ్చేది ఈ గుంత కాడికే.

మొదలు నాకు పట్టు దారం మీద అనుమానమొచ్చింది. తెంపి పడేసిన అంచు పోగులు తిన్నదేమో, పేగులకు చుట్టుకున్నదేమో. తుక్కు డబ్బ బోర్లేసి చూసిన, కండెలు ఒక్కొక్కటి తిప్పి చూసిన. ఏ పోగు తిన్నదో, ఏది తినలేదో చేతులకు తెలుస్త లేదు. ముప్పై ఏండ్లు తెగిన పోగును ముడేసిన చేతులివి.

గంపల గోనె సంచి పరిచి కుందేలును పెట్టి, ఇంటామెను బండి ఎనక కూసోబెట్టుకొని పశువుల దవాఖానకు పోయిన. అక్కడ అన్నీ బర్లు, మేకలు. ఒకాయన గంపల తొంగి చూసి, "ఏమైందన్నా దీనికి?" అన్నడు.

"రెండు పూటల నుంచి పెంటిక ఏస్తలేదు."

ఆయన పకపక నవ్విండు. "మా బర్రెను తోలుకపో, వారానికి సరిపడ ఏసిస్తది." చుట్టున్నోళ్లు అందరు నవ్విండ్రు. అది నేను ఏసే తీరు జోకే. నాకు నవ్వు రాలేదు. ఎవరి పరేషాన్ల మీద నేనెన్నిసార్లు గిట్ల నవ్విననో ఆ బెంచి మీద కూసుంటె యాదికొచ్చింది.

డాక్టరమ్మ చిన్న వయసామె. కుందేలు కడుపు వేళ్లతోని మెల్లగ తడిమింది, చెవులకు గొట్టం పెట్టుకొని చానసేపు ఇన్నది. "పేగులు కదులుత లేవు" అన్నది. "ఏం పెడుతరు దీనికి?"

"గడ్డే మేడం" అన్న.

"ఎవరు పెడుతరు?"

నేను ఇంటామెను చూసిన. ఆమె నన్ను చూసింది.

"నేను రొట్టె ముక్క పెడుత అంతే" అన్నది ఆమె. "గడ్డి ఈయన పెడుతడనుకున్న."

"మరి మీరు?"

"చాయ తాగేటప్పుడు రెండు బిస్కెట్లు, మేడం. గడ్డి మా అమ్మ ఏస్తదనుకున్న."

ఇంటికాడ ఉన్న మా అమ్మకు ఫోన్ చేసినం. ముసలామె జర నసిగి, "ఎప్పుడన్న ఇంత పెరుగన్నం. గడ్డి తినేటందుకు అదేమన్న దిక్కులేని దానా? మీరెట్లనో ఏస్తరు గద అనుకున్న" అన్నది.

ముగ్గురం మర్యాద చేసినం. కడుపుకు కావాల్సింది మాత్రం ఎవ్వరం పెట్టలేదు.

డాక్టరమ్మ కోపం చెయ్యలేదు. అదే నాకు ఇంక భయమైంది. కుందేలు పేగు ఎప్పుడూ నడుస్తుండాలెనంట, దాన్ని నడిపేది గడ్డిల ఉండే పీచేనంట. పీచు లేకుండ పిండి, తీపి పడితే లోపల గ్యాసు పట్టి ఆగిపోతదంట. గడ్డి నమిలితేనే పండ్లు అరుగుతయి, లేకుంటె పెరుగుతనే ఉంటయంట. తోలు కింద సూదితోని నీళ్లెక్కిచ్చింది, నొప్పికి ఒక సూది ఏసింది. "నువ్వన్న దారం అడ్డం పడ్డట్టు నా చేతికైతే తగుల్త లేదు. గరిక పెట్టు అన్నా. తినకుంటె నూరి, నీళ్లల్ల కలిపి, సూది తీసేసిన సిరంజితోని చెంప పక్కన కొంచెం కొంచెం తాపు. పొద్దుగాలకు పెంటిక పడకుంటె మళ్ల తీస్కరా."

"పడుతది గద మేడం?"

"చూద్దాం" అన్నది.

బయటికొస్తుంటె ఎనక నుంచి పిలిచింది. "పత్తి చేను గట్ల మీది గరిక కోయకు. మందు కొడుతరు."

గద్వాల సుట్టూ ఉన్నయే ఇత్తనాల పత్తి చేన్లు. ఇంటామెను, గంపను ఇంటికాడ దింపి ధరూర్ దిక్కు బండి తిప్పిన. గట్టు గట్టుకు ఆగి అడుగుడే. "మందు కొట్టిండ్రా?" మొన్న కొట్టినమంటరు, నిన్న కొట్టినమంటరు, ఒకాయనైతే వీపు మీద డబ్బతోని మందు కొడుతనే జవాబిచ్చిండు. కాళ్ల కింద పచ్చగ ఇంత గరిక ఉంది, ఒక్క పోస ముట్టేటందుకు ధైర్యం లేదు. పొద్దు వాలుతున్నది. ఇంటామె ఫోన్ చేస్తదేమోనని ఒక భయం, చెయ్యకుంటె ఒక భయం.

కాలువ కట్ట మీద ఒకామె మేకలు మేపుతుంది. ఆమెను గూడ అడిగిన.

"నా మేకలు బతికే ఉన్నయి గదా, కండ్లు కనబడతలేవా?" అన్నది. నేను ఎందుకు అడుగుతున్ననో చెప్తే నవ్వలేదు. "మేక నెమరెయ్యకుంటె నాకూ గట్లనే అయితది" అని, తన కొడవలి ఇచ్చింది.

ఆ మాపటికి నూరి, వడగట్టి తాపినం. సగం దాని గదువ మీదికెల్లి నా అంగి మీద కారింది. మా అమ్మ దాన్ని ఒడిల పెట్టుకొని కడుపు మెల్లగ రాసింది. నేను సిరంజి నింపుకుంట కూసున్న. నేను మాట్లాడకుంటె మా ఇల్లు ఎంత చిన్నగ ఉంటదో అప్పుడు తెలిసింది.

శుక్రవారం పొద్దుగాల గుంతల చూసేటందుకు నాకు పానం ఒప్పలేదు. కండ్లు మూసుకొని, అంచున కూసొని, కాళ్లు మెల్లగ దింపిన. కుడి కాలు కింద ఏమో తగిలింది. తీసి చూస్తె పెంటిక. చిన్నది, వంకర, దాని పక్కన ఇంకొకటి. నేను పెట్టిన కేకకు ఇంటామె నెత్తి మీద చెయ్యి పెట్టుకొని ఉరికొచ్చింది.

"పోయిందా?"

"ఏసింది!"

ఆమె అక్కడ్నే గడపల కూలబడి ఏడ్చింది. మూలకు కుందేలు గరిక పోసను ఒక కొస నుంచి లోపలికి లాక్కుంటున్నది, మాతోని సంబంధం లేనట్టు.

శనివారం బిడ్డ వచ్చింది. అనుకున్నట్టే చెప్పులతోనే గుంత కాడికొచ్చింది.

"ఛీ, నాయినా! ఇంత గలీజేంది? ఊడుస్త లేవా?"

"లేదు."

నేను ఇంకేమన్న అంటనేమోనని చూసింది. అనలేదు. మొల కాడికి పోయి, అంచు బొమ్మ కాగితం ఎత్తి, కింద తన కాగితం చూసింది. నా దిక్కు తిరిగింది. అన్నీ చెప్పిన, సాఫుగ ఉన్నదని నవ్విన సంగతి గూడ.

బిడ్డ గుంతలకు దిగి ఒక పెంటికను తీసి, వేళ్ల నడుమ నలిపి, అరచేతిల నా ముందల పెట్టింది.

"చూడు నాయినా. లోపల పీచు కనబడుతుందా? ఇది కనబడితే మంచిగున్నట్టు. దినాం చూడు."

ముక్కు దగ్గర పెట్టుకొని, అంచు కాడ పోగు చూసినట్టు చూసిన. ఉంది, గరిక పీచు, సన్నగ, లేత గోధుమ రంగుల. బిడ్డ మొల మీది కాగితాలు రెండు తీసి, బొమ్మది కిందికి, తనది మీదికి చేసి మళ్ల గుచ్చింది.