తిప్పన్న చెప్పి పంపిన మాట

ముందే చెబుతున్నాను, దెయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. మా ఊరు కొత్తచెరువులో ఎవరికైనా గాలి సోకిందని వేపమండలు తెస్తే నవ్వేవాణ్ణి. ఇది ఎవరో చెప్పగా విన్నది కూడా కాదు. నేను చూసింది. అందులో నా తప్పూ ఉంది కాబట్టి ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు.

తొంభైల చివర్లో ఒక ఏడాది వానలు గట్టిగా పడ్డాయి. గుమ్మఘట్ట వైపు ఒక డ్యాం నిండి, దాని మధ్యలో ఉన్న గుట్ట చుట్టూ నీళ్లు చేరాయి. మల్లికార్జున అనే కాంట్రాక్టరు ఆ గుట్ట మీద హోటల్ కట్టి 'ఐలాండ్' అని పేరు పెట్టాడు. చేపల వేపుడు, రాగి సంగటి, చల్లటి బీరు, పిల్లలకు ఉయ్యాలలు, పొద్దు గూకితే రంగు లైట్ల కింద డాన్సు. సముద్రం చూడని ప్రాంతం కదా, బళ్లారి నుంచి, రాయదుర్గం నుంచి జనం విరగబడి వస్తారని ఆయన ఆశ. నన్ను వంటకు పెట్టుకున్నాడు.

సామానంతా తిప్పన్న పుట్టిలో దాటించేవాడు. వెదురుతో అల్లిన గుండ్రటి పుట్టి అది. నెమ్మదైన మనిషి. బీడీ కూడా తాగడు.

హోటల్ తెరవడానికి రెండు రోజుల ముందు, ఉదయం పూట, జనరేటరు వచ్చింది. దాంతోపాటు నేలకు పరిచే బండలు కూడా వేయమన్నాడు మల్లికార్జున.

"అన్నా, పుట్టి తట్టుకోదు. జనరేటరు ఒక తూరి, బండలు ఇంకో తూరి ఏస్తా," అన్నాడు తిప్పన్న.

"ఏమప్పా, నాకే నేర్పిస్తాండావా? చేతగాకుంటే చెప్పు, ఇంకోణ్ణి పిలుస్తా."

తిప్పన్న రెండూ ఎక్కించి తెడ్డు అందుకున్నాడు. ఒడ్డున నేనూ మల్లికార్జునా మాత్రమే ఉన్నాం. సగం దూరం పోయాక పుట్టి ఒక పక్కకు ఒరిగింది. జనరేటరుకు కట్టిన తాడు కాలికి చుట్టుకుని అతను దాంతోపాటే మునిగిపోయాడు.

బరువు సంగతి బయటపడితే హోటల్‌కు పర్మిషన్ పోతుంది. పోలీసులు వచ్చేలోపు మల్లికార్జున నా భుజం మీద చెయ్యి వేశాడు. "తాగిండె అని ఒక్క మాట చెప్పు, చాలు. కిచెన్ నీదే."

నేను చెప్పాను. "పొద్దున్నే తాగినాడు సార్" అని చెప్పాను. తిప్పన్న భార్య ఓబులమ్మ అక్కడే నిలబడి విన్నది. ఏడవలేదు. నా ముఖం గుర్తుపెట్టుకోవడానికన్నట్టు చూసింది.

పగిలిన పుట్టిని వంటకు వాడుకోమన్నారు. ఆ వెదురు నా పొయ్యిలోనే కాలి బూడిదైంది. తరవాత మోటారు పడవ తెచ్చి హోటల్ తెరిచారు. నిజంగానే జనం విరగబడ్డారు.

మూడో ఆదివారం మధ్యాహ్నం, భోజనం చేసి చెయ్యి కడుక్కున్న ఒక బళ్లారి పెద్దాయన వంటింటి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"వంట చేసేది నువ్వేనా? మీ పుట్టాయన నీకొక మాట చెప్పమన్నాడు."

"ఏ పుట్టాయన?"

"మమ్మల్ని దాటించినాడే, ఆయన. 'నేను తాగను' అని చెప్పమన్నాడు. అంతే."

ఆయన వెళ్లాక మోటారు పడవ నడిపేవాణ్ణి అడిగాను. ఇంజను చెడిపోయి ఉదయం నుంచి ఒక్కరినీ దాటించలేదన్నాడు. మరి ముప్పై మంది గుట్ట మీద కూర్చుని ఎలా తింటున్నారు? ఒడ్డంతా వెతికాను. పుట్టి లేదు.

ఆ పై వారం ఒక కొత్త జంట అదే మాట చెప్పింది. తరవాత ఒక బడిపంతులు. ఒకరికొకరు తెలియనివాళ్లు, ఒక్క పొల్లు తేడా లేకుండా అదే మాట.

ఒక సాయంత్రం డాన్సు మొదలవుతుండగా ఒక కుర్రాడు మల్లికార్జున దగ్గరికి వచ్చి, "అన్నా, జనరేటరు ఎంత బరువుండిందో నిన్ను అడగమన్నాడు పుట్టాయన," అన్నాడు నవ్వుతూ. మల్లికార్జున అతని చెంప పగలగొట్టాడు.

"ఇదంతా ఆ ఓబులమ్మ ఆడిస్తాండాది," అని ఆమెను బెదిరించడానికి మనుషుల్ని పంపాడు. ఇల్లు తాళం వేసి ఉంది. ఆమె రెండు నెలలుగా కుందుర్పిలో కూతురి దగ్గర జ్వరంతో మంచం పట్టి ఉందని పక్కింటివాళ్లు చెప్పారు.

మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. ఎండాకాలానికి గుట్ట చుట్టూ మోకాలి లోతు నీళ్లే మిగిలాయి. పడవ అవసరం లేదు, నడిచే దాటేవాళ్లం. రావడానికి జనమూ లేరు.

ఒక రోజు మధ్యాహ్నం మూడు గంటలప్పుడు నేను గిన్నెలు తోముతున్నాను. మల్లికార్జున గట్టుకు బయలుదేరాడు. తలెత్తి చూస్తే ఆయన పుట్టిలో కూర్చుని ఉన్నాడు. తెడ్డు వేసే మనిషి వీపు మాత్రమే నాకు కనిపించింది. పుట్టి ముందుకు పోవడం లేదు, ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది. మల్లికార్జున రెండు చేతులతో అంచు పట్టుకుని నన్ను పేరు పెట్టి అరిచాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. పొరపడటానికి చీకటి కాదు.

పరుగెత్తాను. నేను చేరేసరికి పుట్టి లేదు. మల్లికార్జున బోర్లా పడి ఉన్నాడు. అక్కడ నీళ్లు నా మోకాళ్ల దాకా కూడా లేవు. గుండెకు ఏమీ కాలేదని, నీళ్లు మింగే పోయాడని డాక్టర్లు అన్నారు.

మరునాడే స్టేషన్‌కు పోయి నిజం చెప్పాను. "చేసినోడే పోయె, ఇంగేం రాసుకోమంటావప్పా?" అన్నాడు అక్కడ కేసులు రాసే రైటరు. అక్కడి నుంచి కుందుర్పి పోయాను.

ఓబులమ్మ వాకిట్లో శనక్కాయలు ఒలుస్తోంది. అంతా చెప్పి కాళ్ల మీద పడబోయాను. కాళ్లు వెనక్కి లాక్కుంది.

"నువ్వు చెప్పేదేముంది? అంతా మా ఆయప్ప, పోయిన దినమే వచ్చి చెప్పినాడు నాకు," అంది. కాసేపు కాయలు ఒలిచి, మళ్లీ తలెత్తింది.

"మీ ఇద్దర్నీ తీసకపో అని ఆయప్పకు మొక్కుకున్నా. నిన్ను ఎందుకు ఇడిసిపెట్టినాడో నాకూ తెలీదు."

నాకూ తెలియదు.