గోనె కింది రెండు సేర్లు

మా కోడలు మొన్న వంటింట్లోకి ఒక ఎలక్ట్రానిక్ కాంటా కొన్నది. పిండీ చక్కెరా తూచుకోవడానికట. జానెడు గాజుపలక, దాని మీద ఏది పెట్టినా గ్రాముల్లో అంకె చూపిస్తుంది. ఇంటికి కొత్త వస్తువు వస్తే దాని పనితనం పరీక్షించనిదే నాకు తోచదు. కళ్ళజోడు పెట్టి చూశాను, చేతిగడియారం పెట్టి చూశాను, ఈ ఏటి డైరీ పెట్టి చూశాను. అన్నీ తారీఖు వేసి రాసుకున్నాను. చివరికి నా గదిలో ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా పెట్టుకునే నల్లరాయి గుర్తొచ్చింది. దాన్ని మోసుకొచ్చి పలక మీద దించుతుంటే మా కోడలు "మామయ్యా, పలుగుతది!" అని అరిచింది. పలగలేదు. ఎంత తూగిందో చివర్లో చెబుతాను. ముందు ఆ రాయి నా దగ్గరికి ఎట్లా వచ్చిందో చెప్పాలి.

అది మా బావ కథ. అక్క పెనిమిటి. మాది సిద్దిపేటలో నేతపని ఇల్లు, ఆయనదీ అంతే. పదహారేళ్ళప్పుడు మా వైపు నేతగాళ్ళు చాలామంది పోయినట్టే ఆయనా బొంబాయి మిల్లుకు పోయాడు. మిల్లు వెనక సందులో ఒక ముసలి ఉస్తాద్ బాక్సింగ్ నేర్పేవాడు. ఒకనాడు తమాషా చూడబోయిన మా బావ మరునాడు చేతులకు తొడుగులు వేయించుకున్నాడు. నాలుగైదేళ్ళు తిరిగేసరికి టికెట్లు కొనుక్కుని జనం ఆయన ఆట చూసేదాకా వచ్చింది. పగలు మిల్లు, సాయంత్రం సాధన, నెలకో రెండు నెలలకో ఒక పోటీ. మనిషి పొట్టి, సన్నం, చేతులు మాత్రం మగ్గంలో నాడెలా ఆడేవి. ఆయన ఆడే తరగతి పేరు ఫ్లైవెయిట్. అంటే ఈగ బరువు అని వాడకట్టులో అర్థం చెప్పిన తప్పు నాదే. అప్పటి నుంచి మా గడప ముందు నుంచి పోయే ప్రతివాడూ "ఏం పిలగా, మీ ఈగ లేసిందా?" అని అడిగి గానీ పోయేవాడు కాదు.

ఆ తరగతికి హద్దు నూట పన్నెండు పౌండ్లు. పోటీనాడు తూకంలో అంతకు మించితే ఆట లేదు. నేను చెప్పబోయే ఏటికి ముందటి ఏడు ఒకసారి తూకం తప్పి, ఉత్తచేతులతో వెనక్కి రావడం ఇష్టం లేక, పై తరగతివాడితో తలపడ్డాడు. మూడో రౌండులో పడ్డవాడు మరునాటి పొద్దుటికి గానీ మనుషుల్ని గుర్తుపట్టలేదు. రెండు పళ్ళు పోయాయి. ఈ సంగతి తోటి కార్మికుడు రాసిన ఉత్తరంలో అక్కకు తెలిసింది. నేనూ చదివాను. అవ్వకు, అంటే మా అమ్మకు, చెప్పొద్దని అక్క నాతో ఒట్టు పెట్టించుకుంది. ఉస్తాద్ మాత్రం ఖచ్చితంగా చెప్పాడట: వచ్చే పోటీకి నూట పన్నెండుకు దిగితేనే రింగు ఎక్కిస్తాను, లేదంటే తొడుగులు అప్పగించి మగ్గం చూసుకో అని. ఆ పోటీకి ఆరువారాల గడువు ఉండగా మా బావ సిద్దిపేట వచ్చాడు. అక్క తొలికాన్పుకు మా ఇంట్లో ఉన్నది. ఆమె దగ్గర ఉన్నట్టూ ఉంటుంది, బొంబాయి తిండికి దూరంగా ఒళ్ళు తగ్గించుకున్నట్టూ ఉంటుందని ఆయన ఆలోచన.

కానీ అల్లుడు అత్తగారింట్లో ఉండి చిక్కిపోవడమంటే మా వాడకట్టులో అంతకు మించిన నామోషీ లేదు. తిరిగి పోయేటప్పుడు అల్లుడి బుగ్గలు చూసి ఆ ఇంటి వంటను అంచనా కట్టే రోజులవి. ఆయన వచ్చిన పూటే అవ్వ కోడిని కోయించింది. ఆయన కూర ముట్టకుండా ఒక జొన్నరొట్టె, చెంబెడు పలుచని మజ్జిగ తీసుకుని లేవబోయాడు. అవ్వ అల్లుడికి ఎదురుపడి మాట్లాడేది కాదు. ఆ తరంలో ఎవరూ మాట్లాడేవారు కాదు. తలుపు చాటున నిలబడి నాతో అనేది, బావ వింటూనే ఉండేవాడు, అయినా నేను మళ్ళీ చెప్పాలి, ఆయన జవాబు మళ్ళీ తలుపుకు చేరవెయ్యాలి.

"కూర మంచిగ లేదేమో అడుగు కొడుకా."

"మంచిగనే ఉన్నదట అవ్వా. తింటే బరువు పెరుగుతదట."

"పెరిగితే ఏమైతది? మొగోడు పెరగద్దా?"

"బక్కోడు బక్కోనితోనే కొట్లాడాల్నట. గది వాళ్ళ కాయిదా."

అవ్వ తలుపు చాటు నుంచే గొంతు పెంచింది. "గదేం కాయిదా? లావోనితోటే కొట్లాడమను. కడుపునిండ తిని కొట్లాడమను."

బావకు నవ్వొచ్చి మజ్జిగ పొలమారింది. అక్క మాత్రం నవ్వలేదు.

మగ్గం గుంట పక్కన దూలానికి, ఇసుకా పత్తిపేలికలూ కూరిన గోనెసంచి వేలాడదీశాడు. తెల్లారకముందే కోమటిచెరువు కట్టమీద పరుగు. మధ్యాహ్నం నూలుకు పెట్టే గంజి కాగుతుంటే ఆ పొయ్యి పక్కన గొంగడి కప్పుకుని చెమటలు కక్కేవాడు. నేనప్పుడు తాలూకా కచేరీలో కొత్తగా చేరిన గుమాస్తాను. డైరీ రాయడం అప్పటికి రెండేళ్ళ అలవాటు. "బామ్మర్ది, నువ్వు రాసుడు తప్పవు. నా తూకం దినాం రాసిపెట్టు" అన్నాడు బావ. పౌండ్లను సేర్లలోకి మార్చి చూశాను. సేరుకు పదహారు ఛటాకుల లెక్కన యాభై నాలుగు సేర్ల ఏడు ఛటాకులు. అదీ మా గమ్యం.

తూకానికి పొద్దున్నే ధాన్యం బేరాలు జరిగే గంజ్‌కు పోయేవాళ్ళం. అక్కడ ధాన్యం తూచే దడ్వాయి మా నాయిన బతికున్ననాటి స్నేహితుడు, తెల్లటి మీసాల ముసలాయన. మూడు కర్రల మధ్య వేలాడే పెద్ద తరాజు ఆయనది. గోనె పరిచిన పళ్ళెంలో మా బావ లంగోటా కట్టుకుని గొంతుక్కూర్చుంటే, రెండో పళ్ళెంలో ఇనుపగుండ్లు వేస్తూ, అందరు దడ్వాయిల్లాగే మొదటిదాన్ని ఒకటి అనకుండా "లాభం!" అని ఎత్తుకునేవాడు. మూటలు మోసే హమాలీలు చుట్టూ మూగేవారు. గోనె బరువు కింద, తేమ కింద రైతు ధాన్యంలోంచి కొంత తరుగు తీయడం గంజ్ ఆనవాయితీ. ఒక హమాలీ "తాతా, గీ సంచికి తరుగెంత తీస్తవే?" అని అడిగాడు. "గీ సంచి మా అల్లుడురా. తరుగు లేదు, గిరుగు లేదు" అన్నాడు దడ్వాయి.

మొదటిరోజు యాభై ఎనిమిది సేర్లు. మూడు వారాలకు యాభై అయిదుంబావు. ఇంకో సేరు దిగితే గండం గట్టెక్కినట్టే. సరిగ్గా అక్కడ ముల్లు ఆగిపోయింది. ఒక రోజు ఆగింది, రెండు రోజులు ఆగింది. బావ రొట్టెలో సగం మానేశాడు. ముల్లు కదలలేదు. మజ్జిగ మానేశాడు. కదలలేదు. చివరికి మంచినీళ్ళు కూడా గుక్కల లెక్కన తాగాడు. పదకొండో రోజు చెరువు కట్టమీద కూర్చున్నవాడు లేవలేకపోయాడు. నా భుజం మీద బరువంతా వేసి ఇల్లు చేరాడు. అక్క ఆయన అరచేతులు రుద్దుతూ కూర్చుంది.

"బామ్మర్ది, ఉస్తాద్‌కు ఉత్తరం రాయి" అన్నాడు బావ గోడవైపు చూస్తూ. "నా పెయ్యి బరువు ఇగ తగ్గదు. వేరేటోన్ని సూసుకొమ్మను."

పదేళ్ళ సాధన ఒక్క ఉత్తరంతో ముగిసిపోతున్నది. రాయక తప్పదు. కానీ అంకెలు లేని ఉత్తరం రాయడం నాకు అప్పుడూ చేతకాదు, ఇప్పుడూ చేతకాదు. ఎంత ప్రయత్నించాడో ఉస్తాద్‌కు తెలియాలని డైరీ తెరిచాను. పదకొండు పేజీల్లో ఒకటే తూకం: యాభై అయిదు సేర్ల నాలుగు ఛటాకులు. అవే పేజీల్లో నా చేతిరాతతోనే ఇంకో వాక్యం మూడుచోట్ల ఉంది: "బావ మొలతాడు వదులైంది, ముడి జరిపి కట్టాను." రెండూ కలిపి చదువుకున్నాను. తరాజు ప్రకారం మనిషి తగ్గలేదు. మొలతాడు ప్రకారం తగ్గుతూనే ఉన్నాడు. మొలతాడుకు అబద్ధమాడే అవసరం ఏముంటుంది?

ఎండలోనే గంజ్‌కు పరుగెత్తాను. బేరాలు ముగిసి దడ్వాయి బస్తాల మీద కునుకు తీస్తున్నాడు. పళ్ళెంలోని గోనె ఎత్తి చూశాను. కింద, కూర్చునేవాడికి తగలకుండా అంచుకు తాడుతో కట్టిన నల్లరాయి.

"ఏంది తాతా గిది?"

ఆయన కళ్ళు నులుముకున్నాడు. "రాయి బిడ్డా."

"రాయని నాకూ కనవడుతుంది. గీడెందుకున్నది?"

"మీ అవ్వ వచ్చి గీ బస్తాల మీదనే కూసుండి ఏడ్సింది. అల్లుడు దినాం తగ్గుతుండు, నలుగురు నా మొకాన ఊంచుతరు, నువ్వే ఏదన్న జెయ్యి అన్నది. నలభై ఏండ్ల సంది రైతుల వడ్లకు తరుగు తీసిన చెయ్యి గిది. ఒక్కనికన్న తగ్గకుండ సూద్దామనుకున్న. ఆయన ఎంత తగ్గితే గంత రాయి పెట్టుకుంట వచ్చిన. మొదలు పావుసేరు, గిప్పుడు రెండు సేర్లు." మీసం దువ్వుకుని, కొంచెం గర్వంగానే అన్నాడు: "పదకొండు దినాలల్ల ఒక్క ఛటాకు తగ్గనియ్యలే!"

ఆయన మీద అరవాలో, కాళ్ళు మొక్కాలో తెలియలేదు. అక్కడే కూర్చుని పెన్సిలుతో రెండుసార్లు లెక్క వేశాను. యాభై మూడుంబావు. హద్దుకు సేరు పైగా కిందికే ఉన్నాడు. రోజుల కిందటే గట్టెక్కిన మనిషిని మేమింకా ఎండబెడుతున్నాం.

ఇంటికొచ్చి చెప్పాను. బావ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. "మల్లొక్కసారి చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. అప్పుడు మొదలైంది నవ్వు, ఓపిక లేని ఒంటితో, డొక్కలు పట్టుకుని. అక్క కూడా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే నిరుటి సంగతి, తెల్లారేదాకా తెలివి లేకుండా పడున్న సంగతి, తలుపువైపు తిరిగి అవ్వకు చెప్పేసింది. తూకం తప్పితే లావోనితోనే కొట్లాడాల్సి వస్తుందనీ, ఆ రెండు పళ్ళు అట్లా పోయినవేననీ చెప్పింది.

తలుపు వెనక గిన్నెల చప్పుడు వినబడింది. ఆ తర్వాత అవ్వ తలుపు దాటి బయటికి వచ్చింది. చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో పొగలు కక్కుతున్న అన్నం, పప్పు. పెళ్ళైన మూడేళ్ళలో మొదటిసారి అల్లుడి ఎదుట నిలబడింది.

"నాకు తెల్వలే బిడ్డా. తిను."

"సేరు దాంక పెరగొచ్చత్తా. బామ్మర్ది లెక్కజేసిండు."

"లెక్కలు వానియి. ముద్దలు నాయి" అని పక్కనే చతికిలబడింది అవ్వ.

ఆ రోజు మా ఇంట్లో అందరం ఒకేసారి ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించింది. మిగిలిన రోజుల్లో అవ్వ ఉస్తాద్‌ను మించిపోయింది. నాలుగో ముద్దకు బావ చెయ్యి చాస్తే పళ్ళెం వెనక్కి లాగి, "సాలు. లావోడు కాసుకోని కూసున్నడు" అనేది. రాయిని దడ్వాయే స్వయంగా తెచ్చి నాకిచ్చాడు. "నా తాన ఉంటే మల్ల పెట్టబుద్ధయితది బిడ్డా" అన్నాడు.

పోటీ అయిన వారానికి బొంబాయి నుంచి కార్డు వచ్చింది. "తూకంల నూట పదకొండు వచ్చింది. ఆఖరి రౌండు దాంక నిలవడ్డ. పాయింట్ల మీద గెలిచిన. ఉన్న పండ్లన్ని ఉన్నయి." చివరి వాక్యం అవ్వ నాచేత మూడుసార్లు చదివించుకుంది. నెల తిరక్కుండానే అక్కకు ఆడపిల్ల పుట్టింది. గోనె దులిపి పసిదాన్ని అదే పళ్ళెంలో పడుకోబెడితే దడ్వాయి "లాభం!" అన్నాడు, ఆ పైన అంకె ఎత్తుకోలేదు. మా బావ ఇంకో మూడేళ్ళు ఆ తరగతిలోనే ఆడాడు. పై తరగతివాడి ఎదుట మళ్ళీ నిలబడలేదు. ఒళ్ళు ఇక మాట వినదని తనకే తెలిసిననాడు తొడుగులు తానే అప్పగించి వచ్చి, అదే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడు. చెవులు కొద్దిగా ఉబ్బి ఉండేవి గానీ, ముసలితనంలో కూడా తెగిన పోగును కళ్ళజోడు లేకుండా అతికేవాడు.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. రాయి ఉంది. మా కోడలి కాంటా మీద అది ఒక కిలో ఎనిమిది వందల అరవై రెండు గ్రాములు తూగింది. రెండు సేర్లంటే మరో నాలుగు గ్రాములు ఉండాలి. ఆ తేడా దడ్వాయి చేతివాటమో, అరవై ఏళ్ళ అరుగుదలో తేల్చుకోలేక ఇవాళ్టి పేజీలో రెండూ రాసిపెట్టాను. అరుగుదలే అయితే, మా అందరి దగ్గర అంతంత తరుగు తీసుకున్న కాలం ఆ రాయి దగ్గర నాలుగు గ్రాములతోనే సరిపెట్టుకున్నదన్నమాట.