అడిగి, ఆగిన మనిషి

మా సార్ పోయారని కిందటి నెలలో ఒకరోజు పొద్దున్నే ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. కాఫీ తాగి, పేపర్ తెరిచి, అలాగే కుర్చీలో ఒరిగిపోయారట.

తిరుపతిలో నేను డిప్లొమా చదివేటప్పుడు ఆయన మాకు నేర్పింది, కొలిచే మీటర్లతో కంప్యూటర్ నుంచి మాట్లాడటం. మీటలు చేత్తో తిప్పే పని లేదు. ఒక వరుస రాసి పంపితే మీటర్ దానంతట అదే కొలుస్తుంది. ‘మెజర్’ అని రాసి, రెండు చుక్కలు పెట్టి ‘వోల్టేజ్’ అని, మళ్లీ రెండు చుక్కలు పెట్టి ‘డీసీ’ అని రాయాలి. ఇన్ని చుక్కలెందుకు సార్ అని విసుక్కుంటే నవ్వేవారు.

“అలిపిరి కాడ దిగి, సందులో తిరిగి, ఇల్లు కనుక్కోని, అప్పుడు కదమ్మా లోపలి గది తలుపు తట్టేది? నేరుగా గదిలోకి దూకితే దొంగంటారు.”

చివర ప్రశ్నార్థకం పెడితే అది ప్రశ్న. మీటర్ జవాబు సిద్ధం చేసి ఉంచుతుంది, మనం తీసుకోవాలి. తీసుకునేదాకా అది అక్కడే ఉంటుంది. ప్రశ్న పంపాక సార్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఎవరైనా తొందరపడితే “అడిగినావు కదప్పా, ఇనుకో” అనేవారు. ఇంట్లోనూ అదే వరస. “బాగుండావా అని ఎవురినన్నా అడిగితే, వాళ్లు చెప్పేదాకా ఆడ్నించి కదలడమ్మా ఈ మనిషి” అని వాళ్లావిడ మాతో చెప్పుకుని నవ్వేది.

తర్వాత నేనూ ఇద్దరు స్నేహితులూ కలిసి ఒక చిన్న వర్క్‌షాపు పెట్టాం. పులికాట్ జాలర్ల పడవలకు పెట్టెలు చేస్తాం. ఆపదలో మీట నొక్కితే ఒడ్డునున్న వాళ్లకు కబురు అందుతుంది. రిటైరైన సార్ అప్పుడప్పుడూ వచ్చి టీ తాగి పోయేవారు.

ఒకరోజు పెట్టెలను ఒక్కొక్కటే పరీక్షించి వ్యానుకు ఎక్కిస్తున్నాం. ఇంకా కొన్ని బల్ల మీద ఉన్నాయి. సార్ టీ గ్లాసు పక్కన పెట్టి స్క్రీన్ వైపు చూస్తూ ఉన్నారు. ఉన్నట్టుండి లేచి, పరీక్షలో ఉన్న పెట్టె తీగ పీకేశారు. అయినా స్క్రీన్ మీద ‘బాగుంది’ అనే వచ్చింది. తీగ మళ్లీ తగిలించి తర్వాతి పెట్టె పెట్టాం. అది నిక్షేపంలాంటి పెట్టె. దానికి సున్నా చూపించింది.

మేం అనుమానంగా మీటర్ కేసి చూశాం.

“మీటర్ అబద్ధం చెప్పలేదప్పా. ముందోడి జవాబు ఇప్పుడు చెప్తాండాది. మొదట ఏందో అడిగి, వినకుండా పోయినారు మీరు.”

అంతే. ప్రోగ్రాం మొదట్లో సరదాగా ఒకసారి వోల్టేజీ అడిగి, ఆ జవాబు చదవకుండా వదిలేశాం. అక్కడి నుంచి ప్రతి జవాబూ ఒక అడుగు వెనకే నడిచింది. ఒక పెట్టె ఫలితం ఇంకో పెట్టెకు అంటుకుంది. వ్యాను ఆపి అన్నీ దించి, మళ్లీ కొలిచాం. ‘బాగుంది’ అని చీటీ అంటించుకుని పడవెక్కబోతున్న ఒక పెట్టెలో ప్రాణమే లేదు. తీగ పీకాలని ఆయనకెలా తోచిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. అంకెలు మరీ బుద్ధిగా వస్తున్నాయనిపించిందట. అడిగితే అంతకు మించి చెప్పలేదు. ఆ రోజు నాకు ఆయన పాదాలు పట్టుకోవాలనిపించింది, సిగ్గుపడి ఊరుకున్నాను.

మొన్న పులికాట్ నుంచి ఒక జాలరి బ్యాటరీ మార్పించుకోవడానికి వచ్చాడు. గాలివానలో వాళ్ల పడవ తిరగబడ్డప్పుడు ఒడ్డుకు కబురు పంపిన పెట్టె అది. సార్ ఆ రోజు తీగ పీకిన సంగతీ, ఆయన పోయిన సంగతీ చెప్పాను. అతను పెట్టెను ఒళ్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

“పుణ్యాత్ముడు. యాడున్నా సల్లగుండాల. నా పెట్టె ఇంకోతూరి సూసి ఇయ్యమ్మా” అన్నాడు.

తీగలు తగిలించి ప్రశ్న పంపాను. స్క్రీన్ మీద అంకె వచ్చి నిలిచింది. జాలరి చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఆ అంకెకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.