మా అత్త నూరు అడుగులు

పోయిన ఆదివారం మా చిన్నబిడ్డ పట్టుబడితే, చెరువు ఒడ్డున కొత్తగా పెట్టిన పార్కు చూడటానికి పోయిన. పార్కు అంటే పెద్దదేం కాదు. సిమెంటు బెంచీలు పదకొండు, వాటిలో ఒకటి విరిగింది. వేపచెట్లు ఆరు, పేరు తెలియని పూలచెట్లు పద్నాలుగు, ఇనుప గేటు ఒకటి. లెక్కపెట్టడం నాకున్న జబ్బు. బడి గడప తొక్కని మనిషికి ఈ జబ్బు ఎక్కడ అంటుకుందో ఆ రోజు మళ్లీ గుర్తొచ్చింది. నీళ్ల దగ్గర ఒక రేకు బోర్డు పాతి ఉంది. 'నీళ్లకు పది అడుగుల దూరంలో ఉండవలెను' అని రాశారు. మా బిడ్డ చదివి చెప్తే నవ్విన. "ఏమైందమ్మా?" అంది. "ఎవరి అడుగులో రాయలేదు" అన్న.

ఆ బోర్డుకు వెనకాల, ఇప్పుడు బెంచీలు ఉన్న చోట, ఒకప్పుడు నిజాం సర్కారులో ఒక పెద్ద సాబు తోట బంగ్లా ఉండేది. నేను కాపురానికి వచ్చింది పోలీసు యాక్షన్‌కు ముందటి ఎండాకాలంలో. నాకు పదిహేడేండ్లు. మా ఆయన పట్నంలో పనికి పోయి, దారులు బాగలేక నెలల తరబడి ఇంటికి రాలేదు. ఇంట్లో నేను, మా అత్త. ఆమె ఎంత పొట్టి మనిషి అంటే, తలుపు పైగొళ్లెం పెట్టాలంటే పీట ఎక్కేది. పాదం ఎనిమిది అంగుళాలు. తర్వాత ఎప్పుడో దర్జీ టేపు పెట్టి నేనే కొలిచిన. నాది తొమ్మిదిన్నర. ఈ ఒకటిన్నర అంగుళం జర గుర్తుపెట్టుకోండి.

ఎండాకాలం చెరువు నీళ్లు వెనక్కి పోతే బయటపడే నేలను శిఖం అంటారు. సాబు తోట గోడకు అవతల ఆ శిఖంలో మా అత్త కర్బూజ, దోస పాదులు పెట్టేది. నల్లటి ఒండ్రు, కాలు పెడితే చల్లగా మడమ దాకా దిగేది. కాయ పండే రోజుల్లో ఆ వాసన మా చీరల్లో కూడా ఉండేది. పాదులు పోతే మాత్రం వానలు పడేదాకా మా ఇంట్లో పొయ్యి పూటకు కాదు, రోజుకు ఒక్కసారి వెలగాల్సిందే. అట్లాంటి సమయంలో, సర్కారు మీద తిరగబడ్డ సంగం వాళ్లు పాదుల చాటున గోడ దాకా వస్తారని సాబుకు భయం పుట్టింది. బజారులో డప్పు మోగింది. తోట గోడకు నూరు అడుగుల లోపల ఎవరూ నిలబడొద్దు, ఏమీ పెంచొద్దు అని చాటింపు.

మర్నాడు పొద్దున్నే ఒక జవాను తుపాకీ భుజాన వేసుకొని వచ్చి, గోడ నుంచి అంగలు వేసిండు. తాటిచెట్టంత మనిషి. ఒక్కో అంగ రెండున్నర అడుగులు. నూరు అనేసరికి మా పాదులన్నీ దాటి నీళ్లలో నిలబడ్డడు. "పీకెయ్యి ముసలమ్మా" అన్నడు.

మా అత్త కొంగు నడుముకు చుట్టింది. "జర ఆగు బేటా. నూరు అడుగులని చెప్పిండ్రు. నువ్వు ఉరికినవ్. అడుగు ఏడ పెట్టినవ్?"

గోడకు మడమలు ఆనించి నిలబడింది. ఒక కాలి వేళ్లకు ఇంకో కాలి మడమ తగిలించి, సందు లేకుండా కొలవడం మొదలుపెట్టింది. అత్త పడిపోతుందేమోనని "నేను కొలుస్త అత్తమ్మా" అన్న. "నీ పడవలు పక్కకు పెట్టు పిల్లా, రెండు సాళ్లు పోతయ్" అంది. ఆమెకు లెక్క ఇరవై దాకే వచ్చు. ఇరవై కాగానే ఒక వేలు ముడిచేది. అయిదు వేళ్లూ ముడుచుకునేసరికి మొదటి సాలుకు ఇంకా మూడు అడుగులు ఇవతలే ఉంది. నూరు అంటే అయిదు ఇరవైలని నేను నేర్చుకున్నది అక్కడే, ఒక పిడికిలి చూసి.

అప్పటికే జనం గుమిగూడారు. భూముల లెక్క చూసే గిర్దావరు వచ్చి కాగితం విప్పిండు. అందులో ఉర్దూలో ఉన్నది 'కదం', అంటే నడిచే అంగ. డప్పాయన దాన్ని అడుగు అని చాటిండు. "సంగంల చేరినవా?" అని గిర్దావరు గద్దించిండు. ఆ ఒక్క మాటకు మనుషులు మాయమయ్యే రోజులు. అత్త పాదం మాత్రం వేసిన చోటి నుంచి కదలలేదు.

"సంగమో గింగమో నాకు తెల్వది సాబ్. కాయితం నాకు చదవరాదు, డప్పు ఇనొస్తది. ఊరంత ఇన్నది అడుగు. గా డప్పాయన్నే అడుగుండ్రి."

డప్పాయన తల వంచుకునే, "అడుగులనే అన్న సాబ్" అన్నడు. అబద్ధమాడితే ఆయనకే మేలు. ఆడలేదు. సర్కారు చాటింపే తప్పని అంతమంది ముందు ఒప్పుకోవడం గిర్దావరుకు నచ్చలేదు. అత్త బొటనవేలి ముందు ఒక మేకు కొట్టించి వెళ్లిపోయిండు.

కథ అక్కడ అయిపోలేదు. జవాను రోజూ చీకట్లో మేకు పాదుల్లోకి జరిపేవాడు. అత్త రోజూ పొద్దున కొలిచి వెనక్కి తెచ్చేది. నలభై మూడు పొద్దులు, నేనే లెక్క. చివరి కాయ తెంపిన రోజు కూడా కొలిచింది. "ఇంకెందుకు అత్తమ్మా?" అంటే, "వాడు జరుపుతుండు గద" అంది.

వానలకు చెరువు నిండింది. పోలీసు యాక్షన్ అయింది. సాబు పెట్టెలు సర్దుకొని పోయిండు. ఇక మన రాజ్యమే అని బజారులో మిఠాయి పంచారు. మరుసటి ఎండాకాలం బంగ్లాలో కొత్త అధికారి దిగిండు. మళ్లీ డప్పు, మళ్లీ నూరు అడుగులు. మా అత్త ఎవరూ పిలవకముందే పోయి గోడకు మడమలు ఆనించింది. "సర్కారు మారింది పిల్లా. నా పాదం పెరగలే" అంది.

ఆదివారం నేను కూడా చెప్పులు విడిచి, నీళ్ల అంచు నుంచి కొలిచిన. పది. వాచ్‌మన్ ఈల ఊదుకుంటూ వచ్చిండు.

"పెద్దమ్మా, ఇంకా వెనక్కు జరుగుండ్రి. బోర్డు చూడలేదా?"

"చూసిన బిడ్డా. పది అయినయ్. నువ్వూ లెక్కపెట్టుకో."

"గిట్ల కొలుస్తరా ఎవరన్న?"

"మా ఇంట్ల గిట్లనే కొలుస్తం."

నేను జరగలేదు. అత్త పాదమైతే ఇంకో పదిహేను అంగుళాలు నీళ్లకు దగ్గరగా నిలబడేదాన్ని. అప్పటికీ ఇప్పటికీ ముప్పై ఎనిమిదేండ్లంటే చాలా దూరం అంటారు. అంగలు వేసేవాళ్లకు కావచ్చు. మడమకు వేలు ఆనించి ఏడాదికొక అడుగు కొలిస్తే, ఆ ఎండాకాలం ఇంకా నూరు అడుగుల లోపలే ఉంది.